నీళ్లు తినే ఊళ్లో రెండు రోజులు

మా కార్యాలయంలో పూర్వం ఒక బెంగాలీ పెద్దమనిషి పనిచేసేవారు. వయస్సులో మాకంటే బాగా పెద్ద. మేమంతా ఆయనను దాదా అని పిలిచేవాళ్లం. బదిలీ మీద బరంపురం వచ్చిన కొత్తలోనే, ఈ ఊళ్లో బజారు పని జరగాలంటే ఒడియాతోపాటు తెలుగు కూడా రావాలని గ్రహించి, పట్టుదలగా తెలుగు నేర్చుకున్నారు. కూరలు బేరమాడడం, పిల్లలను కోప్పడడం, పండగనాడు పలకరించడం అన్నీ వచ్చాయి. ఒక్క మాట మాత్రం ఆఖరుదాకా ఆయన నోట తిరగలేదు. మధ్యాహ్నం ఎండలో కుర్చీలోనుంచి లేచి, "బాబూ, కాసిని నీళ్లు తిని వస్తాను" అనేవారు. బెంగాలీలో అన్నానికీ నీళ్లకూ ఒకటే క్రియ. వారి భాషలో నీళ్లు తాగరు, తింటారు. మేము పకపకా నవ్వేవాళ్లం. ఆయనా నవ్వేవారు.

2016లో దాదా పదవీ విరమణ చేసి నదియా జిల్లాలోని స్వగ్రామానికి వెళ్లిపోయారు. ఏటా విజయదశమికి ఒక ఉత్తరం, "మా ఊరు ఒకసారి రావలె" అని ఒక ఆహ్వానం. సంసారులం, సెలవులు లెక్క పెట్టుకునేవాళ్లం. ఎనిమిదేళ్లదాకా వీలు చిక్కలేదు.

చివరకు యాత్ర కుదిరింది మా తల్లిగారి మూలాన. ఆమెకు చాలాకాలంగా నవద్వీపం చూడాలని కోరిక. చైతన్య మహాప్రభువు 1486లో పుట్టిన చోటు అది. ఆయన దక్షిణ యాత్రలో శ్రీకూర్మం, సింహాచలం సేవించి, గోదావరి ఒడ్డున రామానంద రాయలను కలుసుకున్నారని వారి చరిత్ర గ్రంథాలు చెబుతాయి. "మన దిక్కు వచ్చి చూసి వెళ్లిన స్వామి. ఆయన ఊరు మనం ఒకసారి చూడొద్దేటి నాయనా?" అని ఆమె అడిగితే కాదనలేకపోయాము. 2024 ఫిబ్రవరిలో, మాఘమాసం రోజుల్లో, మేము, మా ఇంటావిడ, అమ్మ, ముగ్గురమూ రాత్రి బండిలో బయలుదేరాము. చలిమిడి ముద్దలు, జంతికలు, పెద్ద స్టీలు కూజా నిండా మా సంఘ భవనం బోరు నీళ్లు వెంట తీసుకున్నాము. బయటి నీళ్లు పడవని అమ్మకు ఎప్పటినుంచో పట్టింపు.

హౌరాలో దిగి, సియాల్దా చేరి, కృష్ణనగర్ లోకల్ ఎక్కాము. బండి సుమారు 100 కిలోమీటర్లు ఉత్తరంగా పోతుంది. దారి పొడుగునా కనబడినది చూస్తే కోనసీమ గుర్తుకువచ్చింది. కొబ్బరికి బదులు ఖర్జూరపు చెట్లు, వాటికి కట్టిన కుండలు, అరటి తోటలు, ప్రతి ఇంటి పక్కనా ఒక చిన్న చెరువు. మిగిలిన నేలంతా అప్పుడే నాటిన వరి. ఆ పంటను అక్కడ బోరో అంటారు. మన దాళ్వా వంటిది. వానల మీద కాదు, నేలలోనుంచి తోడిన నీటి మీద పండేది. మడులకు మధ్య చిన్న చిన్న పంపులు ఆగకుండా నీళ్లు కక్కుతున్నాయి. ఆ నీళ్లు పారే కాలువ గట్లు తుప్పు రంగులో ఉండడం గమనించాము గాని, ఎందుకని అప్పుడు ఆలోచించలేదు.

కృష్ణనగర్‌లో ఘూర్ణి పేట మట్టి బొమ్మలు చూశాము. మన కొండపల్లి వారు కర్రలో చూపే నేర్పు వీరు మట్టిలో చూపుతారు. సరపురియా అనే మీగడ మిఠాయి తిన్నాము. మరునాడు పడవ దాటి నవద్వీపం, మాయాపూరు సేవించాము. జలంగీ నది భాగీరథిలో కలిసే చోట నిలబడి అమ్మ చాలాసేపు చేతులు జోడించింది. ఆ పుణ్యక్షేత్రాల సంగతి పెద్దలు ఎందరో రాశారు గనుక మేము విస్తరించడం లేదు. చెప్పదలచుకున్నది తిరుగు ప్రయాణంలో చాక్‌దహా స్టేషనులో దిగిన తరువాతి సంగతి.

దాదా స్టేషనుకు వచ్చారు. మనిషి చిక్కిపోయారు గాని నవ్వు అదే. బ్యాటరీ రిక్షాలో ఆరేడు కిలోమీటర్లు పోయాము. దారిలో, "బాబూ, మన పత్రికలో రాస్తావని తెలుసు. రాయి. మా ఊరి పేరు మాత్రం రాయవద్దు" అన్నారు. ఎందుకని అడిగితే, "మా ఊళ్లో పెళ్లి కావలసిన ఆడపిల్లలు ఉన్నారు" అని ఊరుకున్నారు. ఆ జవాబు ఆ పూట మాకు అర్థం కాలేదు. కనుక పాఠకులు ఊరి పేరు అడగవద్దని మనవి.

ఇంటి ముంగిట్లో విశాలమైన వాకిలి, తులసికోట, దాని పక్కనే సిమెంటు గట్టు మీద ఒక చేతి పంపు. గట్టు మీద పలకలో బెంగాలీలో ఏదో చెక్కి ఉంది. ఒడియా చదివినవాళ్లం గనుక కూడబలుక్కుని చదివాము. దాదా తండ్రిగారు తన తల్లి జ్ఞాపకార్థం 1974లో వేయించిన గొట్టపు బావి అది. పంపు తలమీద వెలిసిపోయిన ఎర్ర రంగు. పిడి లేదు, ఊడదీసేశారు. అమ్మ అలవాటు కొద్దీ కాళ్లు కడుక్కుందామని ఆ వైపు నడిచింది. లోపలినుంచి దాదా భార్య, మేము బౌదీ అని పిలిచే ఆ ఇల్లాలు, పరుగున వచ్చి చెయ్యి పట్టుకుని, వీధి మొగలో ఉన్న కుళాయి నీళ్ల బిందె చూపించింది.

ఆ రాత్రి భోజనాలైన తరువాత దాదా ఆ బావి కథ చెప్పారు.

1971లో సరిహద్దు అవతలినుంచి శరణార్థులు లక్షలుగా నదియా జిల్లాలోకి వచ్చినప్పుడు కలరా చెలరేగింది. ఊరంతా చెరువు నీళ్లే తాగే రోజులు. దాదా నాయనమ్మ ఆ కలరాలోనే పోయింది. తండ్రిగారు మూడేళ్లు డబ్బు కూడబెట్టి, చెరువు నీళ్లు తాగి ఇంకెవరూ చావకూడదని, ఇంటి ముంగిట, అందరికీ అందుబాటులో ఈ గొట్టం దింపించారు. వాడలోని కుటుంబాలన్నీ ఇక్కడికే వచ్చేవి. నీరు అద్దంలాగా ఉండేది. వాంతులు, విరేచనాలు తగ్గాయి. "మా నాన్న పోయేనాటికి ఆయనను దేవుడన్నారు బాబూ" అన్నారు దాదా.

ఆ ఒక్క ఊరి సంగతి కాదిది. ఆ కాలంలో బెంగాలు రెండు వైపులా, పెద్దలూ ప్రభుత్వాలూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి ప్రజలను చెరువులనుంచి గొట్టపు బావులకు మళ్లించారు. మంచి ఉద్దేశమే, ఎన్నో ప్రాణాలు నిలిచిన మాటా నిజమే. అడుగున ఏముందో ఎవరూ చూడలేదు.

అడుగున ఉన్నది పాషాణం, అంటే ఆర్సెనిక్. మన వైద్యులు హరిదళం, మణిశిల అని వాడే ఖనిజాలలో ఉండేది ఇదే. ఎవరో తెచ్చి పోసిన విషం కాదు. హిమాలయాలనుంచి గంగ వేల సంవత్సరాలు కొట్టుకుని వచ్చిన మట్టి రేణువులమీద, ఇనుము తుప్పును అంటిపెట్టుకుని, రవ్వంత రవ్వంత పాషాణం వచ్చింది. మేట లోపల గాలి ఆడదు. అక్కడి సూక్ష్మజీవులు, కుళ్లిన ఆకూ అలమూ తిని బతికేవి, గాలికి బదులు ఆ తుప్పును వాడుకుంటాయి. తుప్పు కరుగుతుంది, దాన్ని అంటుకున్న పాషాణం నీటిలోకి దిగుతుంది. చేతి పంపులు దింపిన లోతులోనే ఈ వ్యవహారం ఎక్కువ. మరీ లోతుగా, 150 మీటర్లు దాటిన పాత మేటలలో నీరు చాలాచోట్ల మంచిదే. గాలి తగిలే పాత దిగుడు బావులలోనూ చాలావరకు తక్కువే. అంటే తాతల నాటి నుయ్యికీ, కొత్తగా వేసిన లోతు బోరుకూ మధ్య, సరిగ్గా ప్రజలు నీళ్లు తోడుకున్న చోటనే విషం కూర్చున్నది.

రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాచినా పోదు, పైగా నీరు ఇగిరి చిక్కబడుతుంది. రోగం వెంటనే రాదు. ఐదేళ్లో, పదేళ్లో తాగిన తరువాత ఒంటి మీద వాన చినుకులు పడి ఆరినట్లు చుక్కలు, అరచేతులా అరికాళ్లా గట్టి పొక్కులు. ఇంకా తాగితే చర్మానికి, ఊపిరితిత్తులకు, మూత్రాశయానికి పుట్టకురుపు. దీన్ని పూర్తిగా మాన్పే మందు లేదు. ఆ నీళ్లు మానేయడం, బలమైన తిండి తినడం, తొలిదశలో అయితే కొంత తెరిపి. అంటురోగం కాదు. కాని చూసినవాళ్లు కుష్ఠు అని భ్రమపడ్డారు.

1983లో కలకత్తాలోని ఉష్ణమండల వైద్య విద్యాలయంలో డాక్టరు కె. సి. సాహా అనే చర్మవైద్యులు, పల్లెలనుంచి ఒకే రకం చర్మవ్యాధితో వస్తున్నవారిని చూసి ఇది నీటిలోని పాషాణం పని అని పట్టుకున్నారు. తరువాత జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో ఆచార్య దీపంకర్ చక్రవర్తి, ఆయన శిష్యులు ఊరూరా తిరిగి, సీసాలలో నీళ్లు పట్టి, గోళ్లు, వెంట్రుకలు పొట్లాలు కట్టి తెచ్చి పరీక్షించారు. ఇరవై ఏళ్ల కృషి ఫలితాన్ని 2009లో ప్రకటించారు. పశ్చిమ బెంగాలు అంతటా 1,40,150 బావుల నీరు చూస్తే, నూటికి 48 పైచిలుకు బావులలో పరిమితి మించి ఉంది. ఆ ఆచార్యులు 2018లో కాలం చేశారు. ఆయన ఫొటో, పత్రికలో వచ్చినది, దాదా ఇంట్లో గోడకు ఉంది.

ఆ పరిమితి ఎంతో చెబితే పాఠకులు ఆశ్చర్యపడతారు. లీటరుకు పది మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలవ వంతు. ఒక గ్రాము పాషాణాన్ని లక్ష లీటర్ల నీటిలో, అంటే పది పెద్ద ట్యాంకర్లలో కలిపితే ఎంతో అంత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో ఈ హద్దు పెట్టింది. మన దేశంలో చాలాకాలం యాభైదాకా ఓర్చుకున్నారు గాని, ఇప్పుడు మన ప్రమాణమూ పదే.

దాదా లోపలికి వెళ్లి ఒక రేకు పెట్టె తెచ్చారు. అందులోనుంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి మా చేతికిచ్చారు. ముంగిట్లో బావి నీటి పరీక్ష కాగితం. తేదీ 1999. పది ఉండవలసిన చోట మూడంకెల సంఖ్య ఉంది.

"ఈ కాగితం మా అన్నయ్య చేతికి వచ్చింది. నేను అప్పుడు దూరాన ఉద్యోగంలో ఉన్నాను. ఆయన దీన్ని పెట్టెలో బట్టల అడుగున పెట్టారు. ఎవరికీ చెప్పలేదు. నాన్న పేరు పోతుందని భయం. రెండేళ్ల తరువాత సర్వేవాళ్లు మళ్లీ వచ్చి పంపుకు ఎర్ర రంగు పూసిందాకా వాడ అంతా ఆ నీళ్లే తిన్నది. ఆయనా తిన్నారు. తనొక్కడూ మానితే నలుగురూ అడుగుతారు గదా అని మానలేదు. మా అన్నయ్య చెడ్డవాడు కాదు బాబూ."

అన్నగారి అరచేతులు అప్పటికే గరుకెక్కి ఉన్నాయట. 2011లో మూత్రాశయపు పుట్టకురుపుతో పోయారు. ఆ చేతులు చూసి, ఇంటి రోగమని, ఆయన కూతురికి వచ్చిన సంబంధాలు మూడు వెనక్కు పోయాయి. ఊరి పేరు రాయవద్దన్న మాట అప్పుడు అర్థమైంది.

మా ఇంటావిడ కళ్లు తుడుచుకుంది. మేము ఏమీ అనలేకపోయాము.

ఆ అన్నగారి కూతురే మరునాటి ఉదయం వచ్చింది. దగ్గరి ఉన్నత పాఠశాలలో సైన్సు టీచరు. నలభై దాటిన మనిషి, గట్టి మాట. సంచిలో పరీక్ష పెట్టె ఉంది. సెలవు రోజుల్లో ఇంటింటికీ పోయి నీళ్లు చూడడం ఆమె వ్రతం. అమ్మకు చూడాలని కుతూహలం. వాకిట్లో చాప పరిచి కూర్చున్నాము.

నాలుగు సీసాలు పెట్టింది. ఒకదానిలో ముంగిట్లో బావి నీరు, దానికోసం దాదా పంపు పిడి మళ్లీ బిగించారు. రెండవదానిలో సర్కారు వారి లోతు బోరునుంచి వచ్చే కుళాయి నీరు. మూడవదానిలో పొలం పంపు నీరు. నాలుగవదానికి ఏమిటని చూస్తుంటే, అమ్మ మా కూజాలో అడుగున మిగిలిన బరంపురం నీళ్లు చూపించి, "ఇదీ చూడమనరా" అంది.

ఒక్కొక్క సీసాలో కొలత ప్రకారం ఆమ్లపు పొడి, జింకు పొడి వేసింది. జింకు అంటే మన పెద్దలు తుత్తునాగం అనేది. మూతలో చిన్న తెల్ల కాగితం బద్ద అమర్చి బిగించింది. నీళ్లు బుసబుస పొంగాయి. నీటిలో పాషాణం ఉంటే అది వాయువై పైకి లేచి కాగితానికి తగులుతుంది. కాగితానికి పాదరసపు లవణం పట్టించి ఉంటుంది గనుక రంగు మారుతుంది. ఆ వాయువూ విషమే, ఆ కాగితమూ విషమే. అందుకే గాలి ఆడే చోట కూర్చుని, చేతులకు తొడుగులు వేసుకుని చేసింది. పిల్లలను దగ్గరకు రానివ్వలేదు.

అర్ధగంట పట్టింది. కుళాయి నీటి కాగితం తెల్లగానే ఉంది. పొలం పంపుది పసుపు పూసినట్లయింది. ముంగిట్లో బావిది మొదట పసుపు, తరువాత ఇంగువ రంగు, చివరికి నశ్యం రంగు. యాభై ఏళ్ల కింద ఒక మంచివాడు వేయించిన బావి. నీరు ఆనాడు ఎంత తేటగా ఉందో ఈనాడూ అంతే తేటగా ఉంది.

మా కూజా నీళ్ల కాగితం తెల్లగా ఉంది. అమ్మ తేలికగా ఊపిరి తీసుకుంది. టీచరమ్మ మాత్రం మమ్మల్ని అడిగింది: "పాషాణం లేదు. మిగిలినవి ఈ పెట్టె చెప్పదు. ఈ నీళ్లు ఎక్కడివి? ఎందరు తాగుతారు? పరీక్ష ఎప్పుడు చేయించారు?"

మా దగ్గర జవాబు లేదు. ఆ బోరు 2013లో వేయించినది మేమే. అప్పుడు మేము సంఘానికి సహాయ కార్యదర్శిగా ఉన్నాము. ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేశాము. దాతల పేర్లు పలక మీద చెక్కించాము. చుట్టుపక్కల నలభై ఇళ్లవారు బిందెలతో వస్తారు. నీరు తియ్యన అని అందరూ అంటారు. ఆ మాటే మాకు పరీక్ష పత్రం. పదకొండేళ్లలో ఒక్క సీసా అయినా పట్టి పంపలేదు.

ఆ ఉదయం ఇంకో పాఠం కూడా నేర్చుకున్నాము. తాగే నీళ్లు మార్చినంత మాత్రాన కథ ముగియదు. పొలం పంపు నీరు మడిలో నిలుస్తుంది. నీరు నిలిచిన మడిలో గాలి ఆడదు గనుక అక్కడా పాషాణం కరిగే ఉంటుంది. వరి వేరు తనకు కావలసిన ఇసుక సారాన్ని పీల్చుకునే దారినే పాషాణాన్నీ లోపలికి రానిస్తుంది. గడ్డిలోకి ఎక్కువ, గింజలోకి కొంత. గడ్డి ఆవు తింటుంది. పేడ పిడకలై పొయ్యిలో కాలితే పొగలోకి పోతుంది. ధాన్యం ఆ నీళ్లతోనే ఉడికించి ఉప్పుడు బియ్యం చేస్తే ఇంకొంచెం చేరుతుంది. ఆ బియ్యం బస్తాలకెక్కి ఏ ఊరు పోతుందో ఎవరు చెప్పగలరు? పంపుకు ఎర్ర రంగు పూయవచ్చు. బియ్యపు గింజకు ఏ రంగు పూస్తారు?

గుమాస్తా బుద్ధి పోదు గదా, మేము వేళ్లమీద లెక్క వేశాము. తెల్ల బియ్యంలో పాషాణానికి అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ 2014లో పెట్టిన హద్దు కిలోకు 0.2 మిల్లీగ్రాము. రోజుకు అరకిలో బియ్యం తినేవాడికి హద్దులో ఉన్న బియ్యం నుంచి 100 మైక్రోగ్రాములు చేరవచ్చు. హద్దులో ఉన్న నీరు మూడు లీటర్లు తాగితే 30. అంటే అరకిలో అన్నం, పది లీటర్ల నీళ్లతో సమానం. దాదా మా లెక్క చూసి, "చూశావా బాబూ, నేను బరంపురంలో తప్పు తెలుగు మాట్లాడలేదు. మా ఊళ్లో నీళ్లు తినడమే" అన్నారు. ఈసారి ఎవరమూ నవ్వలేదు.

ఒంటిలో చేరినదాన్ని కూడా పరీక్షిస్తారట. మూత్రం చూస్తే ఈ నాలుగు రోజుల సంగతి తెలుస్తుంది. గోళ్లు, వెంట్రుకలు చూస్తే గడచిన నెలల సంగతి తెలుస్తుంది. మా భాషలో చెప్పాలంటే మొదటిది చిట్టా, రెండవది ఆవర్జా. ఈ ఖాతాలో తప్పుడు పద్దు రాయడానికి వీల్లేదు.

మధ్యాహ్నం బౌదీ వంట చేస్తుంటే అమ్మ పొయ్యి దగ్గర కూర్చుంది. భాష రాకపోయినా ఇద్దరికీ మాటలకు కొదవ లేదు. బియ్యం ఐదారుసార్లు నీరు తేటగా వచ్చేదాకా కడిగి, ఒకటికి ఆరు పాళ్లు కుళాయి నీళ్లు ఎసరు పెట్టి, ఉడికిన తరువాత గంజి పూర్తిగా వార్చింది. ఆ గంజి పశువుల కుడితిలో కూడా పోయలేదు. శుభ్రమైన నీళ్లతో ఇట్లా వండితే బియ్యంలోని పాషాణం సుమారు సగం పోతుందని అక్కడి శాస్త్రజ్ఞులే తేల్చారు. దానితో కొంత సత్తువా పోతుంది. కాని ఆ ఊళ్లో అది లాభసాటి బేరమే. అమ్మ మా ఇంటావిడ వైపు తిరిగి, "విన్నావా? కుక్కరొచ్చాక మనింట అంతా అత్తెసరే. మా అత్తగారి నాడు వార్చకుండా అన్నం దించితే ఒప్పుకునేవారు కాదు" అంది. మా ఇంటావిడ, "ఆ గంజిలో ఉప్పేసుకుని తాగేవారు గదండీ అత్తయ్యా, ఇక్కడ పారబోస్తున్నారు" అంది. ఇద్దరిదీ నిజమే. ఏ నేలకు ఆ వంట.

రైతులు ఊరకే లేరు. దగ్గరిలో మోహన్‌పూరులో బిధాన్‌చంద్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. మడిని ఎప్పుడూ నీటితో నింపక, ఆరనిచ్చి తడిపితే గింజలో పాషాణం తగ్గుతుందనీ, బోరోకు బదులు తక్కువ నీటి పైరులు వేసుకోవచ్చుననీ శాస్త్రజ్ఞుల సలహా. కొందరు విన్నారు, కొందరు వరి మానలేరు. ఊరి చివర ఒక వడపోత యంత్రం తుప్పు పట్టి పడి ఉంది. పెట్టినప్పుడు ఉత్సవం చేశారట. లోపలి పదార్థం మార్చేవారు లేక మూలపడింది. సరిహద్దు అవతల బంగ్లాదేశంలో ఈ శతాబ్దం మొదటి ఏళ్లలో సుమారు 50 లక్షల గొట్టపు బావులను ఇటువంటి చిన్న పెట్టెలతోనే చూసి, చెడ్డవాటికి ఎరుపు, మంచివాటికి ఆకుపచ్చ పూశారు. ఎంతో పెద్ద పని. కాని రంగు వెలుస్తుంది, కొత్త బావులు పడతాయి. "ఒక్కసారి చూసి ఊరుకునేది కాదు ఇది. ఇంట్లో దీపం పెట్టినట్లు ప్రతి ఏడూ చూడాలి" అంది టీచరమ్మ.

సాయంత్రం బండికి బయలుదేరేటప్పుడు దాదా ఖర్జూర బెల్లపు ముద్ద ఒకటి కట్టి ఇచ్చారు. పంపు పిడి మళ్లీ ఊడదీసి లోపల పెట్టారు. పంపునే తీసేయరాదా అని అడిగాము. "నాన్న పేరు ఉంది గదా. నలుగురికీ కనబడాలని ఉంచాను" అన్నారు. ఏది కనబడాలని, తండ్రి పేరా, ఎర్ర రంగా అని అడగాలనిపించింది గాని అడగలేదు.

తిరుగు బండిలో అమ్మ నిద్రపోలేదు. బాలాసోరు దాటిన తరువాత మెల్లగా అడిగింది. "మన బోరులో చెడ్డది తేలితే ఏటి చేస్తావురా?" మేము జవాబు చెప్పలేదు. నిజం ఒప్పుకోవాలంటే, మాకూ ఆ క్షణాన మొదట కళ్లముందు కనబడినది నలభై ఇళ్ల బిందెలు కాదు. పలక మీది పేర్లు, వాటి కింద కార్యదర్శుల వరుసలో మా పేరు. దాదా అన్నగారి రేకు పెట్టె మాకు అంత దూరం కాదని అప్పుడు తెలిసింది.

మన నేల గంగ మేట నేల కాదు. ఇక్కడ కొండరాతి భూములు ఎక్కువ. పాషాణం భయం తక్కువ కావచ్చు, మా కాగితమూ తెల్లగానే వచ్చింది. కాని ప్రతి నేలకూ దాని లోపం దానికి ఉంటుంది. ఫ్లోరైడు సంగతి తెలుగువారికి కొత్త కాదు. 1937లోనే నెల్లూరు జిల్లాలో బయటపడింది. నల్గొండ కథ ఎరుగనివారు లేరు. మా గంజాం దగ్గర ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట, సోడా, క్లోరిన్ తయారుచేసే కర్మాగారం పరిసరాల బురదలో పాదరసం చేరిందని బరంపురం విశ్వవిద్యాలయం వారు 1990 నాటికే పరీక్షించి ప్రకటించారు. ఆ తీరాన వలలు వేసి బతికేవారిలో మన తెలుగు బెస్తవారూ ఉన్నారు. ఇంత దగ్గర జరిగిన పరిశోధన సంగతి మేము నదియా నుంచి తిరిగి వచ్చిన తరువాత, అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

వచ్చిన వారానికి సంఘ కార్యవర్గం ముందు విషయం పెట్టాము. ఒకరిద్దరు, "తియ్యని నీళ్లకు వంకలెందుకు? లేనిపోని భయం పుట్టించినట్లవుతుంది" అన్నారు. పెద్దలు ఒకరు, పలక మీద తమ తండ్రిగారి పేరు ఉన్నవారే, "చూపించండి. మా నాన్న నీళ్లు పోయించాడు గాని విషం పోయించలేదు. తెలిస్తే ఆయనే మూయించేవాడు" అన్నారు. దానితో అందరూ ఒప్పుకున్నారు. చెప్పిన ప్రకారం శుభ్రమైన సీసాలలో నీళ్లు పట్టి, జిల్లా నీటి పరీక్షాశాలకు మేమే స్వయంగా తీసుకువెళ్లి ఇచ్చాము. పాషాణం, సీసం, ఫ్లోరైడు, ఇనుము, నైట్రేటు చూడవలసిందని కోరాము. రుసుము పెద్దది కాదు. మా పదకొండేళ్ల బద్ధకం దానికంటే పెద్దది.

ఇది రాసేనాటికి ఫలితం చేతికి రాలేదు. వచ్చిన కాగితాన్ని, అందులో ఏ అంకె ఉన్నా సరే, బోరు దగ్గర అతికించడానికీ, ఈ పత్రికలో అక్షరం మార్చకుండా అచ్చు వేయడానికీ, ఏటా వానాకాలానికి ముందూ తరువాతా మళ్లీ చూపించడానికీ కార్యవర్గం తీర్మానించింది. ఇతర ఊళ్ల సంఘ సోదరులు కూడా తమ భవనాల నూతులూ బోరులూ ఒకసారి చూపించుకోవాలని ప్రార్థన.

ఈ సంగతి దాదాకు ఉత్తరం రాశాము. నిన్న జవాబు వచ్చింది. టీచరమ్మ రెండు ప్రశ్నలు అడిగించింది. సీసాలో నీళ్లు పట్టేముందు పంపు కొంతసేపు పారనిచ్చారా అన్నది మొదటిది, పారనిచ్చాము. నలభై ఇళ్లవారికి చెప్పారా అన్నది రెండవది. చెప్పలేదు. ఈ ఆదివారం ఇంటింటికీ వెళ్లి చెప్పడానికి బయలుదేరుతున్నాము. చందాలకు తిరిగిన వీధులే గనుక దారి తెలుసు.